ఇంటి తెరపై మోటారు పందెం – ఒక పరిశీలన

నిరుడు మన కళాశాల వార్షికోత్సవాల సందర్భంగా జరిగిన వక్తృత్వ పోటీలో "వీడియో ఆటలు విద్యార్థికి మేలా, కీడా?" అన్నది చర్చనీయాంశం. న్యాయనిర్ణేతలలో నేనూ ఒకడిని. తెలుగులో నలుగురు, ఉర్దూలో ముగ్గురు మాట్లాడినారు. మేలన్నవారు మేలేనని వాదించారు. కీడన్నవారు కీడేనని గర్జించారు. భాష బాగున్నది, కంఠం బాగున్నది, సామెతలు సమయోచితంగా పడినాయి. కాని ఆ ఏడుగురిలో ఒక్కరైనా ఆ ఆట అంటే ఏమిటో, అది ఏ విధంగా నడుస్తుందో, దానిలో ఆడేవాడు చేసే పని ఏమిటో వివరించలేదు. తీర్పు చెప్పవలసిన నాకూ అప్పటికి తెలియదు. తెలియని వస్తువును గురించి జరిగిన వాదానికి తెలియనివాడే మార్కులు వేసినాడన్న మాట! ఆ వెలితి నన్ను కొంతకాలం బాధించింది. దానిని పూరించుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం.

వీడియో ఆటలు వందల రకాలు. అన్నింటిని గూర్చి చెప్పడం నా శక్తికి మించిన పని. నేను స్వయంగా కొంత ఆడి, చూచి, అడిగి తెలుసుకొన్న ఒకే ఒక రకాన్ని ఇక్కడ తీసుకొంటున్నాను. అది ఇంట్లోని టెలివిజన్‌కు తగిలించిన ప్లేస్టేషన్ పెట్టెపై ఆడే మోటారు పందెపు ఆట. అందులోనూ నిజమైన కారు నడకను వీలైనంత ఉన్నదున్నట్లుగా చూపే 'గ్రాన్ టూరిస్మో' అనే ఆట. తెలుగు బోధించేవానికి ఈ విషయంతో ఏమి పని అని కొందరికి అనిపించవచ్చును. కారణం వ్యాసం చివరిలో చెబుతాను. లెక్కల విషయంలో భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులొకరు నాకు తోడ్పడినారు. తప్పులుంటే అవి నావి.

తొలి మలుపు

మా అక్కగారి కుటుంబం హిందూపురంలో ఉంటున్నది. మేనల్లుడు ఇంటర్మీడియేట్ చదువుతున్నాడు. వాడు తన పండుగ ఈదీలన్నీ కూడబెట్టి, బెంగుళూరు నుండి ఎవరో వాడిన ప్లేస్టేషన్ నొకదానిని తక్కువ ధరకు తెప్పించుకొన్నాడు. "వాడు పుస్తకం పట్టడం లేదు, నీవొచ్చి నాలుగు మాటలు చెప్పు" అని అక్క కబురు చేసింది. మందలించే ఉద్దేశంతోనే వెళ్ళినాను. వాడు నా ఉపన్యాసాన్ని తలవంచుకొని విని, చివరికి, "మామూ, ఒక్కసారి మీరూ నడిపి చూడండి. తర్వాత ఎంతైనా తిట్టండి" అన్నాడు. న్యాయమైన మాటే అనిపించింది.

వాడు నాకు ఇచ్చిన కారు ఏ విదేశపు వింత వాహనమూ కాదు, మన వీధులలో తిరిగే సుజుకి స్విఫ్ట్ కోవకు చెందినదే. బాట జపాను దేశంలోని త్సుకుబా అనే చిన్న పందెపు బాట. చుట్టు పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. కంట్రోలర్‌పై కుడి మీట నొక్కితే వేగం, ఎడమ మీట నొక్కితే బ్రేకు, బొటనవేలి కింది బొడిపెతో స్టీరింగు. కాలక్షేపానికి ఆడే ఆటే కదా అనుకొని కుడి మీటను నిండుగా నొక్కినాను. బాట తిన్నగా ఉన్నంతసేపు అంతా సుఖంగానే ఉన్నది. మలుపు దగ్గరపడింది. ఒకేసారి బ్రేకు నొక్కి, స్టీరింగు తిప్పినాను. కారు తిరగలేదు. చక్రాలు తిరిగిన దిక్కు వేరు, కారు పోయిన దిక్కు వేరు. తిన్నగా పోయి ఇసుకలో దిగబడింది. రెండవసారి, మూడవసారి, ఐదవసారి కూడ అదే గతి. మేనల్లుడు నవ్వలేదు. "మామూ, మీరు రెండు పనులు ఒక్కసారి అడుగుతున్నారు. టైరు ఒక్క పనే చేయగలదు" అన్నాడు.

పదిహేడేండ్ల పిల్లవాని నోట వచ్చిన ఆ మాటే ఈ ఆటకు బీజాక్షరం. దానిని వివరించే ముందు ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుసుకొందాము.

ఆట పుట్టుక

ఇంటి టెలివిజన్‌కు తగిలించి ఆడుకొనే తొలి యంత్రం 'ఓడిస్సీ'. అది 1972లో అమెరికాలో విడుదలైంది. దాని తెరపై కనబడేవి కొన్ని తెల్లని చుక్కలు, ఒక గీత మాత్రమే. ఆటస్థలపు బొమ్మను గీచిన పారదర్శకమైన ప్లాస్టిక్ రేకును తెరపై అంటించుకొని, మిగిలినదంతా ఊహించుకోవలసి ఉండేది. పది సంవత్సరాల తర్వాత, 1982లో, జపానుకు చెందిన నామ్కో సంస్థ 'పోల్ పొజిషన్' అనే నాణెము వేసి ఆడే పందెపు ఆటను తెచ్చింది. అందులో ఫూజీ అనే నిజమైన పందెపు బాటను చూపడం ఆనాటికి ఒక విశేషం. కాని ఆ ఆటలోని కారుకు బరువు లేదు. అది తెరపై అటూ ఇటూ జరిగే బొమ్మ.

నా చిన్ననాట ఇదే మడకశిరలో క్యాసెట్టు గుచ్చి ఆడే టీవీ గేము అద్దెకు దొరికేది. గంటకు ఐదు రూపాయలు. అందులోని కారు పందెం కూడ ఇట్లాంటిదే. గోడకు తగిలితే కారు ఒక్క క్షణం మినుకుమినుకుమని మళ్ళీ పరుగెత్తేది. మా తరం వారికి వీడియో ఆట అనగానే ఆ బొమ్మే మనసులో మెదలుతుంది. అందువల్లనే నేటి ఆటను కూడ మనము ఆ తక్కెడలోనే తూచి పొరపడుతున్నాము.

ఈ మార్గాన్ని మార్చినవాడు కజునోరి యామౌచి అనే జపాను దేశస్థుడు. సోనీ సంస్థ 1994లో ప్లేస్టేషన్‌ను విడుదల చేసింది. యామౌచి బృందం రమారమి ఐదు సంవత్సరాలు శ్రమించి 1997 డిసెంబరులో తొలి 'గ్రాన్ టూరిస్మో'ను జపానులో వెలువరించింది. దాని ప్రతులు ప్రపంచమంతటా కోటికి పైగా అమ్ముడుపోయినాయి. ఆ తర్వాత అనేక కూర్పులు వచ్చినాయి. ఏడవది 2022 మార్చిలో విడుదలైంది. యామౌచి కేవలం ఆట తయారుచేసి ఊరుకొన్నవాడు కాదు. జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ బాటపై ఇరవైనాలుగు గంటలపాటు సాగే పందెంలో స్వయంగా కారు నడిపినవాడు.

ఆయన చేసిన మార్పు ఏమిటి? బొమ్మను అందంగా గీయించడం అందులో ఒక భాగమే. అసలు మార్పు బొమ్మ వెనుక ఉన్నది. ఈ ఆటలో ప్రతి కారుకూ బరువున్నది, ఆ బరువు ముందు ఎంత, వెనుక ఎంత అన్న లెక్కున్నది, ఇంజను బలమున్నది, నాలుగు టైర్లకు నాలుగు లెక్కలున్నాయి. తెరపైని దృశ్యం సెకనుకు 60 మార్లు మారుతుంది. అంత వేగంగా యంత్రం ఆ లెక్కలన్నీ చేసి, కారు ఎక్కడ ఉండవలెనో నిర్ణయిస్తుంది. చిత్రకారుడు గీచిన దారిలో కారు పోదు. లెక్క చూపిన దారిలో పోతుంది. 'వాస్తవికం' అన్న మాటకు ఇక్కడ అర్థం ఇదే.

పదహారణాల పట్టు

ఇక మేనల్లుని మాటకు వద్దాము. నాలుగు చక్రాల వాహనం ఎంత పెద్దదైనా నేలను తాకేది నాలుగు చోట్ల మాత్రమే. ఒక్కొక్క చోట తాకే మేర ఇంచుమించు మన అరచేయంత. కారును ముందుకు తోయడం, ఆపడం, మలపడం – ఈ మూడు పనులూ ఆ నాలుగు అరచేతుల పట్టు మీదనే జరగాలి. ఇంజను ఎంత బలమైనదైనా, బ్రేకు ఎంత గట్టిదైనా టైరుకు నేలపై పట్టు లేకపోతే అన్నీ వృథా.

టైరు పట్టును పదహారణాలుగా భావించండి. నేల పొడిగా, శుభ్రంగా ఉన్నప్పుడు పదహారణాలూ మన చేతిలో ఉంటాయి. ఆ మొత్తాన్ని బ్రేకుకే ఖర్చు చేసినవానికి మలుపుకు చిల్లిగవ్వ మిగలదు. అప్పుడు స్టీరింగు ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది. నేను ఐదుసార్లు ఇసుకలో దిగబడినది ఇందుకే. కావున నేర్పరి అయినవాడు బాట తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేకు వేసి వేగం తగ్గించుకొంటాడు. మలుపు మొదలు కాగానే బ్రేకును మెల్లమెల్లగా వదులుతూ, వదిలినకొద్దీ మిగిలిన పట్టును మలుపుకు ఇస్తాడు. మలుపు తీరుతుండగా స్టీరింగును సరిచేస్తూ, ఆ విధంగా మిగిలిన పట్టును మళ్ళీ వేగానికి ఇస్తాడు. ఇది గృహిణి పొదుపు వంటిది. కుండలో ఉన్న నీరు ఒక్కటే. దానితోనే వంట, దానితోనే దప్పిక. కరువు సీమలో పుట్టిన మనకు ఈ లెక్క వేరే ఎవరూ నేర్పనక్కరలేదు.

రెండవ సూత్రం బరువు మార్పిడి. ఎద్దులబండి దిగుడుబాట పట్టినప్పుడు కాడి మీద భారం పెరగడం మనమంతా చూచిన విషయమే. కారుకు బ్రేకు వేసినప్పుడు కూడ బరువు ముందు చక్రాల వైపు ఒరుగుతుంది. ముందు టైర్లకు పట్టు పెరుగుతుంది. వెనుక టైర్లు తేలికపడతాయి. ఆ స్థితిలో హఠాత్తుగా స్టీరింగు తిప్పితే వెనుక భాగం జారి, కారు బొంగరంలా తిరుగుతుంది. కాబట్టి ఏ మీటనైనా కుదుపు లేకుండా నొక్కడం, కుదుపు లేకుండా వదలడం ఈ ఆటలో తొలి పాఠం. ఆటలో చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ మొదలైన సహాయాలున్నాయి. నేర్చినకొద్దీ వాటిని ఒక్కొక్కటిగా తీసివేసుకోవచ్చును. మేనల్లుడు చాలావరకు తీసివేసి ఆడుతున్నాడు. వాని వేళ్ళను గమనించాను. వీణ వాయించేవాని వేళ్ళవలె మీటపై నెమ్మదిగా ఒత్తిడి పెంచుతూ, తగ్గిస్తూ ఉన్నాయి.

మరొక విశేషం. గ్రాన్ టూరిస్మోలో కొన్ని పందేలు ఆడదలచినవాడు ముందుగా లైసెన్సు పరీక్షలలో ఉత్తీర్ణుడు కావాలి. ఈ సంప్రదాయం తొలి కూర్పు నుండీ ఉన్నది. మొదటి పరీక్షలు పందేలే కావు. ఇంత దూరం పోయి, గీచిన గడిలో కారును ఆపవలెను. గడి దాటితే తప్పినట్లే. లైసెన్సు చేత లేకుండానే మోటారు సైకిలెక్కే మన మిత్రులు కొందరు ఈ విషయంలో ఆటను చూచి నేర్చుకోవలసినది ఉన్నది.

వేగం లెక్క

ఆటలో అనుభవానికి వచ్చిన దానిని భౌతికశాస్త్ర మిత్రులు నాకు కాగితంపై లెక్క కట్టి చూపినారు. పొడి తారురోడ్డు, మంచి టైర్లు, మంచి బ్రేకులు అనుకొందాము. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాహనం సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. అపాయం కంటబడి, చేయో కాలో బ్రేకును తాకేటప్పటికి ఒక సెకను గడుస్తుందనుకొంటే ఆ లోపలే 11 మీటర్లు పోయింది. బ్రేకు పట్టిన తర్వాత ఆగడానికి మరి 9 మీటర్లు. మొత్తం 20 మీటర్లు.

ఇప్పుడు వేగాన్ని 80కి పెంచండి. రెట్టింపు వేగానికి రెట్టింపు దూరం చాలునని మన మనస్సు చెబుతుంది. మనస్సు చెప్పేది తప్పు. ఒక సెకనులో పోయే దూరం రెట్టింపై 22 మీటర్లవుతుంది. కాని బ్రేకు పట్టిన తర్వాత పోయే దూరం నాలుగింతలై 35 మీటర్లవుతుంది. మొత్తం 57 మీటర్లు. వేగం రెండింతలైతే బ్రేకు దూరం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. పాఠ్యపుస్తకంలో ఈ సూత్రాన్ని పదవ తరగతి లోపలే చదువుతాము. పరీక్షలో రాసి మరచిపోతాము. ఆటలో వందసార్లు ఇసుకలో దిగబడినవాడు మాత్రం మరచిపోలేడు.

మలుపుకూ ఇట్లాంటి లెక్కే ఉన్నది. 50 మీటర్ల వ్యాసార్ధం గల మలుపును పొడి రోడ్డుపై గంటకు 66 కిలోమీటర్ల వేగం వరకు దాటవచ్చును. అంతకు మించితే పట్టు చాలదు. రోడ్డుపై ఇసుకో, గడ్డో, నీరో ఉండి టైరు పట్టు సగానికి తగ్గితే ఆ హద్దు 47 కిలోమీటర్లకు పడిపోతుంది. మలుపు అదే, వాహనం అదే, నడిపేవాడూ అతడే. పదహారణాలు మాత్రం ఎనిమిదణాలైనాయి. ఈ రెండు అంకెలను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన.

తెర నుండి బాటకు

ఈ ఆటలో సంపాదించిన నేర్పు నిజమైన కారులో పనికివస్తుందా? ఈ ప్రశ్నకు సమాధానం ఊహ మీద ఆధారపడనక్కరలేదు. 2008లో నిస్సాన్, సోనీ సంస్థలు కలిసి 'జీటీ అకాడమీ' అనే పోటీని ప్రారంభించినాయి. ఇంట్లో ఆట ఆడి గెలిచినవారిని ఎంచి, నిజమైన పందెపు బాటపై తర్ఫీదునిచ్చి, వారిలో ఉత్తముని వృత్తి పందెగానిగా చేయడం దాని ఉద్దేశం. తొలి విజేత స్పెయిను దేశపు లూకాస్ ఒర్డోనెజ్. ఆయన 2011లో ఫ్రాన్సులోని సుప్రసిద్ధమైన లె మాన్స్ ఇరవైనాలుగు గంటల పందెంలో తన తరగతిలో ద్వితీయ స్థానం పొందినాడు. 2011లో విజేత అయిన బ్రిటను యువకుడు జాన్ మార్డెన్‌బరో 2013లో అదే లె మాన్స్‌లో తన తరగతిలో తృతీయుడైనాడు. ఆయన కథ 2023లో చలనచిత్రంగా కూడ వచ్చింది. 2014లో ఈ పోటీ ద్వారం మన దేశపు ఆటగాండ్రకూ తెరచుకొన్నది. 2016తో ఆ అకాడమీ ముగిసింది.

మన తెలుగుగడ్డపై కూడ ఒక ఉదాహరణ ఉన్నది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల ప్రపంచ పందెం, 'ఫార్ములా ఈ', జరిగింది. నెక్లెస్ రోడ్డు ప్రాంతపు వీధులనే 2.8 కిలోమీటర్ల పందెపు బాటగా మార్చినారు. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ ప్రథముడైనాడు. నగర వీధులలో జరిగే ఇట్లాంటి పందేలలో బాట పందెం నాటికి గాని సిద్ధం కాదు. ముందుగా వెళ్ళి సాధన చేయడానికి వీలుండదు. కావున జట్లు ఆ వీధులను లెక్కల రూపంలో యంత్రంలో నిర్మించుకొని, సిమ్యులేటరు అనే అనుకరణ యంత్రంపై సాధన చేసి వస్తాయి. మేనల్లుని ఇంటి పెట్టెకూ ఆ యంత్రానికీ ఖరీదులో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉన్నా, కులం ఒక్కటే.

కాబట్టి వక్తృత్వ పోటీలో కీడని గర్జించినవారికి నా మొదటి మనవి: ఈ ఆట కేవల కాలహరణం కాదు. ఓపికగా ఆడినవానికి ఇది చలనసూత్రాలను వేళ్ళకు నేర్పుతుంది.

తెర చెప్పనిది

ఐతే కథ ఇంతటితో ముగియలేదు. నేను హిందూపురంలో ఉన్న ఆ రోజులలోనే మా నాన్నగారు కూడ అక్కడికి వచ్చినారు. ఆయన ముప్పై రెండేండ్లు లారీ నడిపినవారు. మడకశిర చింతపండు, అమరాపురం కొబ్బరికాయలు, శనగకాయలు తుముకూరుకు, బెంగుళూరుకు, మద్రాసుకు చేర్చినవారు. మేనల్లుడు కంట్రోలర్‌ను ఆయన చేతికిచ్చి, "నానా, మీరు నడపండి" అన్నాడు. ఆయన కండ్లద్దాలు సరిచేసుకొని, మెల్లగా బయలుదేరినారు. మలుపు రాకమునుపే వేగం తగ్గించారు. రెండు చుట్లు తిరిగినారు. అందరికన్నా చివర వచ్చినారు.

"నానా, మీరు లాస్టు" అని మనుమడు నవ్వినాడు.

"బండి ఎక్కడైనా తగిలిందా?"

"లేదు నానా."

"మరి సరుకు చేరినట్లే కదా" అన్నారాయన. ఆ తర్వాత కంట్రోలర్‌ను కింద పెడుతూ ఇంకొక మాట అన్నారు: "అన్నీ బాగానే ఉన్నాయి బేటా. కాని ఈ బండి నాతో మాట్లాడటం లేదు."

ఆ మాటకు అర్థం అడిగినాను. లారీ నడిపేవానికి బాట కండ్లతోనే తెలియదట. కూర్చున్న చోట అదురు మారితే టైరు జారబోతున్నట్లు తెలుస్తుంది. బ్రేకు కాలికి మెత్తగా తగిలితే ఘాట్ దిగుతూ అది వేడెక్కినట్లు తెలుస్తుంది. మలుపులో దేహం ఒరిగే తీరును బట్టి సరుకు కదిలినదీ లేనిదీ తెలుస్తుంది. ఇవేవీ తెరపై లేవు. తెర కన్నుకూ చెవికీ చెబుతుంది, దేహానికి చెప్పదు. చేతిలోని కంట్రోలర్ కొద్దిగా అదురుతుంది కాని, ఆ అదురు కూర్చున్న పీఠం చెప్పే మాటకు సాటి రాదు.

తెర చెప్పని విషయం మరొకటి ఉన్నది. అది ఇంకా పెద్దది. గ్రాన్ టూరిస్మో తొలి నాలుగు కూర్పులలో కారు గోడను ఎంత వేగంగా ఢీకొన్నా చెక్కుచెదరదు. 2010లో వచ్చిన ఐదవ కూర్పు నుండి కొంత సొట్ట పడటం చూపుతున్నారు. నేటికీ, లోపల కూర్చున్నవానికి ఏమైనదో ఏ కూర్పూ చూపదు. ఒక మీట నొక్కితే అదే కారు, అదే బాట, అదే ఉదయం తిరిగి ప్రత్యక్షం. ఆట నేర్పే పాఠమంతా ఈ పునర్జన్మ మీదనే ఆధారపడి ఉన్నది. వందసార్లు పడటానికి వీలున్నందువల్లనే నూట ఒకటవసారి నేర్పు వచ్చింది.

పైన చెప్పిన మార్డెన్‌బరోనే తీసుకొందాము. 2015 మార్చిలో న్యూర్‌బుర్గ్‌రింగ్‌లో జరిగిన పందెంలో ఆయన కారు ఒక మిట్ట దగ్గర గాలిలోకి లేచి కంచె దాటి పడింది. చూడవచ్చిన ప్రేక్షకులలో ఒకరు మరణించారు. ఆ బాట ఆయనకు తెరపై కొత్తది కాదు. ప్రపంచంలోని ఉత్తమ ఆటగాండ్రలో ఆయన ఒకరు. తర్ఫీదులో లోపం లేదు. ఐనా ఒక నిండు ప్రాణం పోయింది. అక్కడ తిరిగి మొదలుపెట్టే మీట లేదు.

మన బాట

ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాను. కొన్నేండ్ల క్రితం మన కళాశాలలో రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి, ఉలవ పంట నూర్పిళ్ళ కాలంలో, మోటారు సైకిలుపై ఇంటికి పోతూ ఒక మలుపులో జారి పడి చనిపోయినాడు. పేరు చెప్పను. తరగతిలో మూడవ బల్లపై కూర్చొనేవాడు. ఛందస్సు ఇష్టపడి నేర్చుకొనేవాడు. యతిస్థానం తప్పితే తానే నవ్వి దిద్దుకొనేవాడు. మంచి ఆటగాడని కూడ స్నేహితులు చెప్పినారు. సెలవు దినాలలో పందెపు ఆటలో వానిని గెలిచినవాడు లేడట. ఆ నేర్పు మీద వానికి నమ్మకముండేదట.

ఈ వ్యాసం రాయబూనిన తర్వాత నేనూ, భౌతికశాస్త్ర మిత్రులూ వెళ్ళి ఆ మలుపును టేపుతో కొలిచినాము. వ్యాసార్ధం రమారమి 50 మీటర్లు. పొడి రోడ్డుపై హద్దు 66 కిలోమీటర్లు. కాని ఆనాడు రోడ్డుపై ఉలవ కట్టె పరచి ఉన్నది. కళ్ళాలు కరవైన మన పల్లెలలో వచ్చేపోయే చక్రాల కింద పంట నూర్చుకోవడం పేద రైతుకు తప్పని అలవాటు. వారిని నిందించడం నా ఉద్దేశం కాదు. గడ్డిపై హద్దు 47 కిలోమీటర్లు, లేదా అంతకన్నా తక్కువ. రెండు చక్రాల బండికి పట్టు తప్పితే జారడం కాదు, పడటమే. వాడు ఎంత వేగంతో వచ్చినాడో మాకు తెలియదు. 66కూ 47కూ నడుమ ఉన్న ఆ 19 కిలోమీటర్లలోనే వాని ప్రాణం ఎక్కడో ఇరుక్కొన్నది.

ఆ మలుపు దగ్గర నిలిచినప్పుడు నాకు తోచినది ఇది. ఆటలోని బాట శుభ్రమైనది. అక్కడ ఉలవ కట్టె ఉండదు, రాగి వెన్నులుండవు, మేకల మంద అడ్డురాదు, దీపం లేని ట్రాక్టరు ఎదురురాదు. అక్కడ బాటంతా మనదే. పందెగాడు మలుపును బయటి అంచు నుండి లోపలి అంచుకు, మళ్ళీ బయటి అంచుకు కోసుకొని పోతాడు. ఆటలో అది విద్య. మడకశిర రోడ్డుపై సగం బాట ఎదురు వచ్చేవానిది. అదే విద్య ఇక్కడ హత్యో, ఆత్మహత్యో అవుతుంది. ఆట నేర్పిన సూత్రం సత్యమే. కాని చేతిలో ఎన్ని అణాలున్నాయో ఆట ముందుగానే లెక్కపెట్టి ఇస్తుంది. మన రోడ్డుపై వాటిని ఎవరికి వారే, ప్రతి మలుపులోనూ, కొత్తగా లెక్కపెట్టుకోవలెను. ఆ విద్యార్థికి వేగం తెలుసు, నేర్పు తెలుసు. ఆనాటి లెక్క మాత్రం తెలియలేదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ నివేదిక చెబుతున్నది. వారిలో మూడింట రెండువంతుల మంది 18 నుండి 45 సంవత్సరాల లోపువారు. నూటికి దాదాపు 44 మంది రెండు చక్రాల బండ్లపై పోతున్నవారు. అంత పెద్ద అంకె మనస్సుకు అందదు. మూడవ బల్లపై ఒక ఖాళీ స్థలం అందుతుంది.

మనవి

కళాశాల సంఘం వారికి నా మనవి రెండు ముక్కలు. వసతిగృహంలో వీడియో ఆటలన్నింటినీ ఒక్క పేరుతో నిషేధించాలన్న సూచన వినబడుతున్నది. డబ్బు పెట్టి ఆడే ఆటల విషయంలో వివాదమే లేదు. వాటిని 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టమే నిషేధించింది. మన ఇండ్లలోని పెద్దలు అంతకు ఎంతో ముందే నిషేధించారు. నేను వర్ణించిన ఆట ఆ కోవలోనిది కాదు. దానిని నిషేధిస్తే విద్యార్థి వేరొకరి ఇంట్లో ఆడుతాడు; మనకు తెలిసే అవకాశం మాత్రమే పోతుంది. దానికి బదులు వారానికి ఒక గంట భౌతికశాస్త్ర శాఖ వారి పర్యవేక్షణలో, లెక్కతో సహా ఆడించవచ్చును. అదే నెలలో ఒకసారి విద్యార్థులను రోడ్డు మీదికి తీసుకొనిపోయి, నిజమైన మలుపును కొలిపించవచ్చును. మొదటిది మాత్రం చేసి రెండవది మానితే మనము సగం విద్యే నేర్పినట్లు.

విద్యార్థి మిత్రులారా! మనకు గంట ప్రయాణ దూరంలో, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర, 2019 నుండి కియా కార్ల కర్మాగారం నడుస్తున్నది. శనగకాయ తప్ప వేరొకటి పండదనుకొన్న నేలపై ఏటా లక్షల కార్లు తయారవుతున్నాయి. కారు మన సీమకు అతిథి కాదు, ఇంటిబిడ్డ అయినది. మీలో కొందరు రేపు ఆ కార్లను బిగించేవారు, పరీక్షించేవారు, వాటికి లెక్కలు కట్టేవారు కావచ్చును. ఆట మీద ప్రేమ మిమ్మల్ని అక్కడికి చేర్చినట్లయితే అంతకన్నా కావలసినది లేదు. ఆడండి, లైసెన్సు పరీక్షలన్నీ గెలవండి, టైరు భాష నేర్చుకోండి. కాని ఇంటి నుండి బండి తీసినప్పుడు తెరను ఇంట్లోనే వదలి రండి. శిరస్త్రాణం ధరించండి. మలుపుకు ముందే వేగం తగ్గించండి.

మేనల్లునికి నేను చెప్పదలచుకొన్న నాలుగు మాటలు చివరికి చెప్పనే లేదు. ఒక్క షరతు మాత్రం పెట్టినాను: పరీక్షలు ముగిసేదాకా రోజుకు ఒక గంటకు మించరాదని. ఒప్పుకొన్నాడు. ఈ మధ్య వాడు ఫోను చేసి, త్సుకుబా బాటపై తన పాత రికార్డును దాటినట్లు సంతోషంగా చెప్పినాడు. అభినందించాను. తర్వాత మడకశిర రోడ్డు మలుపుల సంగతి అడిగినాను. "నానాను వెనుక కూర్చోబెట్టుకొని వచ్చినాను మామూ. దారి పొడుగునా ఆయన ఒక్కసారి కూడ 'నిదానం' అనలేదు" అన్నాడు.

ముప్పై రెండేండ్లు లారీ నడిపినవారు వెనుక కూర్చొని నోరు మెదపలేదంటే, ఏ అకాడమీ ఇచ్చిన పతకానికీ అది తీసిపోదని నా విశ్వాసం.